మొదటి గ్లాసు మందార చాయ

మా పెరట్లో మందార చెట్టు పూసిన పూలన్నీ ఆ ఏటి దాకా అమ్మవారివే. గోడ గూట్లో పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి అంజవ్వ, పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుతోనే పూలు కోసి, రాయి కనబడకుండా కప్పేసేది. ఒకసారి శిస్తు లెక్కలు చూసే గిర్దావరు దగ్గరి జవాను వచ్చి, సాహెబు బూట్లు నల్లగా మెరవాలంటే మందార పువ్వు రుద్దాలట, నాలుగు ఇమ్మని అడిగాడు. అవ్వ చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చిన తీరు చూసి అతను ఉత్త చేతులతోనే వెళ్లిపోయాడు.

"అమ్మవారి నెత్తిమీది పువ్వు వాని కాళ్లకు రుద్దుతడట. ఆమె ఊకుంటదా?" అని ఆ రోజంతా గొణిగింది.

అట్లాంటి అవ్వే ఆ పూలను ఉడుకు నీళ్లలో వేసింది. మా వదిన భీమవ్వకు కడుపు పండకపోవడమే దానికి కారణం.

మా అన్న ఆత్మారాంకు పెళ్లయి చాలా ఏళ్లయింది. మా ఇళ్లలో ఆడవాళ్లు నెలకోసారి బయట కూర్చుంటారు కదా, అందువల్ల కడుపు సంగతి దాచుకునేందుకు వీలుండదు. పశువుల కొట్టం పక్కన వదిన చాప పడిందంటే చాలు, ఊరికి తెలిసిపోతుంది. ఆ పూట వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేవి.

"మళ్ల కూసున్నదా?" అని పక్కింటివాళ్లు గోడ మీంచి అడిగేవారు.

"కూసున్నది" అనేది అవ్వ, వడగళ్లకు పంట పోయిన రైతులా.

దీపావళి పోయాక అవ్వ మా బాపు లింబాద్రితో బండి కట్టించి అందరినీ ఇందూరు, అంటే నిజామాబాద్, తీసుకుపోయింది. కంఠేశ్వర్ గుడి వెనక సందులో రామస్వామి అని పేరున్న వైద్యుడు ఉండేవాడు. ఆయన వదిన నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు. నిద్రపోయాడేమోనని బాపు దగ్గాడు.

"వేడి" అన్నాడు వైద్యుడు కళ్లు తెరిచి. "ఒంట్ల వేడి ఎక్కువున్నది. మందార చాయ తాగిపియ్యుండ్రి."

"కషాయమా?" అంది అవ్వ.

"కషాయమంటే రెండు దినాలు తాగి పారబోస్తరు. చాయ అంటే తాగుతరు. ఇప్పుడు ఇందూరుల అందరు చాయే అంటున్నరు, మనమేం తక్కువ?"

ఆ పువ్వు ఏమేమి చేస్తుందో ఆయన వరసగా చెప్పుకుపోయాడు. ఒంటికి చలవ. వెంట్రుకలు ఊడవు, నెరవవు. రక్తం శుభ్రపడుతుంది. మూత్రం మంట పోతుంది. గుండె దడ తగ్గుతుంది. కోపం చల్లారుతుంది.

"కోపం గుడ తగ్గుతదా?" అన్నాడు బాపు.

"తగ్గుతది."

బాపు అవ్వ వైపు చూశాడు. "అయితే ఇద్దరికి సరిపోయేటట్టు సెప్పుండ్రి."

"శివరాత్రి దాకా సూడుండ్రి. ఆపైన అమ్మవారి దయ" అని వైద్యుడు చేతులు కడుక్కున్నాడు.

ఆయన చెప్పినవాటిలో అవ్వ చెవికెక్కింది ఆ శివరాత్రి గడువు ఒక్కటే. బండి ఎక్కుతూనే, "శివరాత్రి దాకా సూస్త. కాకుంటే నందిపేట హన్మాండ్లు బిడ్డ ఉండనే ఉన్నది. రెండోదాన్ని తెస్త" అంది, వదిన బండిలో లేనట్టే. బాపు ఎడ్లను అదిలించాడు. ఎడ్లు మామూలుగానే నడుస్తున్నాయి.

బండి వెనక తొట్టిలో నేను, వదిన కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాం. చాలా దూరం పోయాక వదిన నా చెవి దగ్గరికి వంగింది.

"మీ అన్న నెలకు రెండుసార్లు ఇంటికొస్తడు. వచ్చి గురక పెడతడు. గా గురకకు ఏం చాయ ఉన్నదో అడగకపోతివి, గోదావరీ."

నిజమే. బోధన్ దగ్గర చక్కెర కార్ఖానా కడుతున్నారని, అన్న జోడెడ్ల బండితో రాళ్లు తోలడానికి పోయాడు. వచ్చిన రాత్రి అన్నం కంచం ముందే కునికేవాడు. కానీ అన్న నాడి ఎవరూ పట్టుకోలేదు.

మర్నాటి నుంచే చాయ మొదలైంది. ఏ పనైనా అవ్వ చేస్తే నిక్కచ్చిగా చేసేది. ముద్ద మందారం పనికిరాదు, ఒంటిరెక్కదే కావాలి. తెల్లారేసరికి విచ్చిన పూలను కోసి, పురుగులేమైనా ఉంటే పోయేలా దులిపి, తొడిమ, కింది ఆకుపచ్చ గిన్నె, మధ్యలో పుప్పొడి కాడ తీసేసి రెక్కలు మాత్రం ఉంచేది. మట్టి గురిగిలో నీళ్లు మరిగి తెర్లగానే పొయ్యి మీంచి దించి, అప్పుడు రెక్కలు వేసి మూత పెట్టేది. పొయ్యి మీదే ఉడికిస్తే జిగట దిగి నాలుకకు అంటుకుంటుంది. కాసేపటికి రెక్కలు తెల్లబోయి, నీళ్లు నేరేడుపండు రంగుకు తిరిగేవి. వడగట్టి, దంచిన శొంఠి, ఇంత బెల్లం వేసి, చివర నిమ్మకాయ పిండేది. పిండీ పిండగానే నేరేడు రంగు పోయి కుంకుమ రంగు వచ్చేది. ఆ మార్పు చూడటానికి నేను రోజూ పొయ్యి దగ్గర ఏదో పని పెట్టుకునేదాన్ని. తెల్లబోయిన రెక్కలు కూడా పారేయకుండా తలకు రుద్దుకునేది. ఆకులు నూరి శనివారం తలంటికి దాచేది.

అమ్మవారితో బేరం కూడా కుదుర్చుకుంది. గూటి ముందు నిలబడి, "గిప్పటికి బంతిపూలతోని సర్దుకో తల్లీ. మనుమడు పుట్టంగనే నీ మందారాలు నీకే. ఎక్కువ గూడ ఇస్త" అంది. రాయి ఏమీ అనలేదు. అవ్వ దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కేసుకుంది.

మొదటి రోజు కంచు గ్లాసు నింపి వదిన ముందు పెట్టింది. వదిన ముట్టుకోలేదు.

"మీరు తాగకుంట నేనెట్ల తాగుత, అత్తమ్మా?"

మా ఇంట్లో అత్త నోట పడనిది కోడలు నోట పడకూడదు. కొత్త బియ్యమైనా, మొదటి మామిడికాయైనా అంతే. ఆ కట్టడి అవ్వదే. వాళ్ల అత్త దగ్గర తాను పడ్డదంతా ఒక్క పొల్లు పోకుండా దాచి తెచ్చింది.

"నాకెందుకే? నాకు పిల్లలు గావాల్నా?" అంది అవ్వ.

"మందైనా గంతే గదా. మొన్న నాకు సలిజరమొస్తే సర్కారు గోలి గుడ ముందు మీరే నాలిక మీద పెట్టుకున్నరు."

అవ్వ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. పెదవులు చప్పరించింది. "పులుపు సరిపోయింది" అని ఇంకో గుక్క తాగింది. వదినకు సగం మిగిలింది.

వారం తిరక్కుండానే వదిన వంతు గ్లాసు అడుగుకు దిగింది. తర్వాత అవ్వకే వేరే గ్లాసు వచ్చింది. మొదటి నీళ్లు అవ్వకు, అవే రెక్కల మీద రెండోసారి పోసిన నీళ్లు వదినకు. వదిన ఏ రోజూ మాట తూలలేదు. పెద్ద గ్లాసు నిండా పోసి, రెండు చేతులా పట్టుకుని, "అత్తమ్మా, మీరు తాగుండ్రి" అని నిలబడేది. ఊళ్లో అత్తలందరూ అంత మర్యాద తెలిసిన కోడలు లేదని చెప్పుకునేవారు.

తన గ్లాసు మాత్రం వదిన చెట్టు మొదట్లో పోసేది. ఒకరోజు నేను చూశానని ఆమె చూసింది.

"తాగకపోతివి వదినె?"

"తాగినంక గుడ కాకుంటే నా ఒళ్లే గొడ్డుదని నేను గుడ నమ్మాలె. తాగకుంటే నమ్మే పని లేదు గదా." గ్లాసు కడిగి బోర్లించింది. "అయినా సెట్టు మంచిగ పూస్తున్నది సూడు. దానికన్న కడుపు పండని."

చాయ పని చేయలేదని మాత్రం అనలేం. అవ్వ జుట్టు నల్లగా నిగనిగలాడసాగింది. ముఖం తేటపడింది. గిన్నెల చప్పుడు తగ్గింది. సాయంత్రమైతే బాపు కూడా ఒక గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. అవ్వ పక్కనే స్తంభానికి ఆనుకునేది. నాకు ఊహ తెలిశాక వాళ్లిద్దరూ నవ్వుకోవడం అప్పుడే విన్నాను. ఏం మాట్లాడుకునేవారో తెలియదు. నేను పోతే ఆపేసేవారు.

పుష్యమాసం వచ్చేసరికి అవ్వ ఒక సంగతి చాటింది. బాయి దగ్గర ఆడవాళ్లందరూ ఉండగా చూసి మరీ చెప్పింది.

"నాకిగ బయట కూసునుడు ఆగిపోయింది. పీడ వదిలింది."

ఇంకా నలభై నిండలేదు కదా అని ఎవరో అనబోయారు. "మా అవ్వకు గుడ తొందరగనే ఆగింది. ఆగినంకనే మనిషికి విలువ" అంది. ఆ రోజు నుంచి పెద్దమనిషిలా మాట్లాడటం మొదలుపెట్టింది. కూర్చునేటప్పుడు మోకాళ్లు పట్టుకుని మూలిగేది. ఇక రోజూ అమ్మవారిని ముట్టుకోవచ్చని గూటి ముందు గంటల కొద్దీ కూర్చునేది. ఒళ్లు మండుతోందని చాయ ఇంకో గ్లాసు పెంచింది. ఈ వయసులో వేడి చేస్తుందని రామస్వామి చెప్పాడంది. ఆయన అట్లా చెప్పగా నేను వినలేదు.

నిమ్మకాయ సగం చాలేది, కాయంతా పిండటం మొదలైంది. పిండిన తొక్కను కూడా ఉప్పద్దుకుని నమిలేది. ఒకరోజు వదిన వంటింట్లోంచి వచ్చి నన్ను మెల్లగా పెరట్లోకి పిలిచింది.

"మీ అవ్వ పొయ్యి మట్టి నాకుతున్నది."

"పొయ్యి అలుకుతుంటే సేతికి అంటిందేమో."

"సేతికి అంటిన మట్టి నాలిక మీదికి నడిసిపోయిందా?"

ఇద్దరం చెట్టు కింద నిలబడిపోయాం. ఇంట్లో అందరూ వదిన చాప ఎప్పుడు పడుతుందా అని చూశారు గాని, అవ్వ చాప ఎందుకు పడలేదని ఒక్కరూ ఆలోచించలేదు. అవ్వ కూడా ఆలోచించలేదు. అదే నాకు ఇప్పటికీ వింత.

"బాపుకు సెప్పాల్నా?" అన్నాను.

"నువ్వు సెప్పకు, నేను సెప్ప. కోడలు సెప్తే ఓర్వక అన్నదంటరు." వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అయి ఉండవచ్చు.

శివరాత్రి వచ్చింది. సరిగ్గా ఆ రోజే కొట్టం పక్కన వదిన చాప పడింది. అవ్వ ఉపవాసంతో ఉండి కూడా ఓపిక తెచ్చుకుని తిట్టింది. ఇన్ని నెలల చాయ బూడిదలో పోసినట్టయిందంది. మర్నాడే నందిపేటకు మనిషిని పంపింది. ఆ రాత్రి వదిన పెట్టె తెరిచి తన చీరలు మడత పెట్టింది. పుట్టింట్లో తల్లీ తండ్రీ లేరు. ఎక్కడికి పోవడానికి మడత పెడుతోందో నేను అడగలేదు. మళ్లీ అన్నీ తీసి పెట్టెలో పెట్టి, "పొద్దుగాల పోశవ్వ ఇంటిదిక్కు పోయొస్త" అంది.

పోశవ్వ మా ఊరి మంత్రసాని. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. అందువల్ల ఆమె ఎవరికీ భయపడదు, ఎవరినైనా "ఓరి" అనే పిలుస్తుంది.

వారం తర్వాత హన్మాండ్లు తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. నందిపేటలో అప్పుడు పసుపు ఉడకబెట్టే రోజులు. పొయ్యిల దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ధోతీ అంచులు పచ్చగా ఉన్నాయి. అరుగు ఎక్కుతుంటేనే పచ్చి పసుపు ఉడికిన ఘాటు ఇల్లంతా నిండింది. అవ్వ ఒకసారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మర్యాద కాదని తీసేసింది.

"బీమవ్వా, మందార చాయ తే. సుట్టాలు మా ఇంటి చాయ తాగి సూడని" అంది గొప్పగా.

వదిన చాయ తెచ్చింది. తన మొగుడికి పిల్లనిచ్చేందుకు వచ్చిన మనిషి ముందు గ్లాసు పెట్టింది. పెరటి దారిన పోశవ్వ కూడా వచ్చి, తలకు రుద్దుకునేందుకు మందారాకు కావాలంటూ చెట్టు దగ్గర నిలబడింది.

హన్మాండ్లు గ్లాసు చేతిలోకి తీసుకుని మాట మొదలుపెట్టాడు. "మా పిల్లకు పని వస్తది. పసుపు ఏరుతది, నాట్లు ఏస్తది. మీ కోడలితోని సవతి పోరు లేకుంట సూసుకుంటరా?"

"మా కోడలు నోట్ల నాలిక లేని మనిషి" అంది అవ్వ. "గొడ్డుదైనా మంచిది. ఓ మూల పడుంటది."

బాపు తల వంచుకుని గోటితో అరుగు గీకుతున్నాడు. హన్మాండ్లు "గట్లయితే సరే" అని ధోతీ దులిపి మఠం వేసుకున్నాడు. ఆ దులుపుకు ఘాటు ఒక్కసారిగా లేచింది. అవ్వ ఏదో చెప్పబోయి ఆగింది. మళ్లీ నోరు తెరిచింది. అంతలోనే లేచి పెరట్లోకి పరుగెత్తింది. మందార చెట్టు కింద పోశవ్వ కాళ్ల దగ్గర, పొద్దున తాగిన చాయంతా కక్కేసింది.

"పిత్తం" అంటోంది మధ్యమధ్యలో. "శివరాత్రికి ఉపాసమున్న గదా, పిత్తం."

పోశవ్వ ఆకులు కొంగులో కట్టుకుని, అవ్వ నుదురు పట్టుకుంది. ఇంకో చేత్తో కడుపు మీద తడిమింది. కింది రెప్ప లాగి చూసింది. తర్వాత అరుగు మీదికి వినబడేలా అడిగింది.

"ఓరి అంజీ, ఎన్నో నెల?"

అరుగు మీద అందరూ వదిన వైపు చూశారు. వదిన నీళ్ల చెంబుతో అవ్వ వెనక నిలబడి ఉంది. పోశవ్వ తల అడ్డంగా ఊపి, "ఆమె దిక్కు ఏం సూస్తరు? కక్కింది ఎవలు?" అంది.

"నాకు ఆగిపోయింది" అంది అవ్వ.

"ఆగింది. ఎందుకాగిందో సెప్తున్న." పోశవ్వ లేచి నడుము సర్దుకుంది. "మళ్ల కూసునే పని ఇంకో ఏడు దాకా లేదు. ఉయ్యాల ఉన్నదా, చెక్కిచ్చుకోవాల్నా?"

బాపు గీకడం ఆపి, తన గ్లాసులో మిగిలిన చాయను తొంగి చూశాడు. హన్మాండ్లు తన గ్లాసును, ఇంకా పెదవికి తగలనిదాన్ని, మెల్లగా ఒక మూర దూరం జరిపాడు.

"నాకు ఇంట్ల పదకొండు మంది పిల్లలున్నరు లింబన్నా" అన్నాడు. "నాకొద్దు."

బావమరిదికి పిల్లలు లేరేమో, అతను మాత్రం తన గ్లాసు ఖాళీ చేసి, హన్మాండ్లుది కూడా అందుకున్నాడు.

"మరి మన మాట?" అన్నాడు బాపు, అడగాలి కాబట్టి.

"ఏం మాట? నీ ఇంట్ల బిడ్డ గావాలన్నరు. వస్తున్నది గదా." హన్మాండ్లు చెప్పులు వెతుక్కున్నాడు. "అత్త బాలింత, కోడలు మంత్రసాని, మధ్యల నా బిడ్డ ఏం జెయ్యాలె? నీ పొత్తిగుడ్డలు ఉతకాల్నా?"

బండి కదిలింది. పసుపు వాసన మాత్రం పొద్దుగూకేదాకా పోలేదు.

అవ్వ మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. గోడ మీంచి పక్కింటివాళ్లు "ఏంది, కూసున్నదా?" అని అడిగేవారు, ఇప్పుడు నవ్వు ఆపుకుంటూ. నలభై దాటిన ఆడవాళ్లు మా పెరటి దరిదాపులకు రావడం మానేశారు. వాళ్ల మొగుళ్లు మాత్రం పొద్దున్నే ఏదో ఒక పని మీద వచ్చి, పోతూ పోతూ రెండు పూలు తుంచుకుపోయేవారు. గిర్దావరు జవాను కూడా వచ్చాడు. ఈసారి బూట్ల మాట ఎత్తలేదు.

సంగతి బోధన్ దాకా పోయి, అక్కడ బండ్లవాళ్లు ఆటపట్టించగా అన్న రాళ్లు వదిలేసి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు తండ్రి ముఖం చూడలేక ఎడ్లకు నీళ్లు పెడుతూ నిలబడ్డాడు. బాపే దగ్గరికి పోయాడు.

"నా పని నేను జేసిన. నువ్వు నీ ఇంటి పట్టున ఉండి నీ పని సూసుకో" అన్నాడు.

ఆ తర్వాత అన్న బండి బోధన్ తోవ పట్టలేదు. బాయి కింద చెరుకు వేస్తానని ఇంట్లోనే ఉన్నాడు.

గదిలో చేరిన నాలుగో రోజు పొద్దున అవ్వ తనే లేచి వంటింట్లోకి వచ్చింది. వదిన అప్పటికే రెక్కలు విడదీసి, గురిగి పొయ్యి మీద పెట్టింది. నీళ్లు తెర్లాయి, దించింది, మూత పెట్టింది. అవ్వ తలుపు దగ్గర ఆనుకుని, వాసన పీలుస్తూ నిలబడింది. వదిన నిమ్మకాయ పిండింది. రంగు మారింది. పెద్ద గ్లాసు నిండా పోసింది. అలవాటు కొద్దీ అవ్వ చేయి చాచింది.

వదిన గ్లాసు ఇవ్వలేదు.

"కడుపుతోని ఉన్నోళ్లు మందారం తాగొద్దని పోశవ్వ గట్టిగ సెప్పింది అత్తమ్మా. మీకు పాలు కాస్తున్న."

అవ్వ చాచిన చేతితో కొంగు సర్దుకుంది. "మరి గది ఎవలికి?"

"నాకు."

వదిన పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. అత్త నిలబడి ఉండగా కోడలు పీట మీద కూర్చోవడం ఆ వంటింట్లో అదే మొదలు. గ్లాసు ఎత్తి, ఊది, ఒక గుక్క తాగింది. తొందరపడలేదు. ఇంకో గుక్క తాగింది. నేను బియ్యం చెరుగుతూ చేట ఆపేశాను.

అవ్వ రెండో పెళ్లి మాట ఎత్తలేదు. ఇక ఎప్పుడూ ఎత్తలేదు. మెల్లగా గడప మీద కూర్చుని, మోకాళ్లు పట్టుకోకుండా, వదిన ముఖంలోకి చూసింది.

"ఎట్లున్నది?" అంది.

వదిన గ్లాసు వైపు చూసి ఆలోచించింది.

"పులుపు తక్కువైంది" అంది. "ఇంకో నిమ్మకాయ అందుకోండ్రి అత్తమ్మా."

అవ్వ లేచి నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. మిగిలిన పూలు తట్టలో వేసుకుని గూటి దగ్గరికి పోయి, బంతిపూలు తీసేసి, రాయి కనబడకుండా కప్పింది.

"నీకేం సెప్పిన, నువ్వేం జేసినవ్" అని అమ్మవారితో అంటోంది. "మనుమడన్న గద నేను."